పొగ మాన్పించు సత్సంగము



చంచలమైన మనస్సు అభ్యాస వైరాగ్యములచే వశమగునని గీతాచార్యుడు అర్జునునకు ఉపదేశించెను. పొగకు మరిగిన పిల్లవానికిని ఇదియే మార్గము.

18 ఏండ్లు నిండని వారికి పొగాకు అమ్మరాదని 2003 నాటి కేంద్ర చట్టము నిషేధించెను. అయినను చట్టము అంగడిని కట్టడి చేయగలదు గాని మనస్సును కట్టడి చేయజాలదు.

మానిన తొలి దినములలో చిరాకు, నిద్రలేమి బాధించును. కోరిక పుట్టినను కొన్ని నిమిషములకే సన్నగిల్లును. ఆ నిమిషములు దాటించుటకు తోడు కావలెను. కనుక సాయంకాలము కోవెల మండపమున పిల్లలను చేర్చి, భజనలో తాళములు చేతికిండు. మానిన పెద్దలచేత వారి అనుభవము చెప్పింపుడు. 1800-11-2356 అను ప్రభుత్వ ఉచిత సంఖ్యకు ఫోను చేయింపుడు. తప్పిన నాడు నిందింపక మరల చేరదీయుడు. దండించు తండ్రికి బిడ్డ దాచును. ఆదరించు తండ్రికి చెప్పుకొనును.

ముందుగా మన జేబులోని చుట్టను మనము విడుతము. స్వస్తి.