ఆడే బిడ్డకు మనం తాడు పట్టాలి



యర్రగొండపాలెం మండలంలో పాలుట్ల లాంటి అడవి గూడేల చెంచు పిల్లలకు పరుగు, గురి ఒకరు నేర్పనక్కరలేదు. అయినా కబడ్డీ జట్టులోకి రమ్మంటే కొందరు వెనక్కి జరగడం మేము చూస్తున్నాం. కాళ్లలో బలం లేక కాదు. తప్పాడితే నవ్వుతారని, కులం పేరు పెట్టి పిలుస్తారని భయం. నొప్పి అంటే జట్టులోంచి తీసేస్తారేమోనని వాచిన మోకాలితోనే ఆడే బిడ్డలూ ఉన్నారు.

మన పెద్దలు కొండ చరియల్లో తేనె తీసే పద్ధతి గుర్తు చేసుకుందాం. కిందికి దిగేవాడి తాడును బావమరిది పట్టుకుంటాడు. తోబుట్టువు కాపురం ఆ తాడు మీదే ఉంది కాబట్టి వదలడని నమ్మకం. ఆ నమ్మకం ఉంటేనే దిగేవాడికి ధైర్యం.

కబడ్డీలో కూతకు వెళ్లిన బిడ్డ 30 సెకన్లు అవతలి జట్టు మధ్య ఒంటరి. దొరికితే బయట కూర్చోవాలి. కానీ మనవాళ్లు అవతల ఒకరిని ఔట్ చేయగానే, బయట ఉన్న ఒకరు మళ్లీ లోపలికి వస్తారు. పడినవాడిని తిరిగి తెచ్చుకోవడం ఆట నియమంలోనే ఉంది. మన మాటల్లో మాత్రం అది కనపడదు.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్సన్ అనే ఆచార్యురాలు 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు బయటపడ్డాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, భయపడకుండా చెప్పుకోగలిగారు గనుకనని ఆమె వివరించారు. దాచిన తప్పును ఏ కోచ్ మాత్రం దిద్దగలడు?

అందుకే వ్యాయామ ఉపాధ్యాయులకు మా మనవి. ఓడిన రోజు నలుగురిలో తిట్టకండి, పక్కకు పిలిచి చెప్పండి. ఆటకు ముందు నొప్పులు అడగండి. చెప్పిన బిడ్డ కోలుకున్నాక తన చోటు తనకు ఇవ్వండి. ఎగతాళి పేర్లు మైదానంలో వినపడనివ్వకండి. ఆడపిల్లల జట్టు బయటి ఊరికి వెళ్తే ఒక ఉపాధ్యాయురాలు తోడుండాలి. భయం తీసేస్తే క్రమశిక్షణ పోతుందనుకోవద్దు. సాధన గట్టిగానే చేయించండి, మాట మాత్రం మెత్తగా ఉండనివ్వండి.

తల్లిదండ్రులారా, బిడ్డ ఇంటికి రాగానే "గెలిచావా?" అనకముందు "ఎట్లా ఆడావు?" అని అడుగుదాం.

పిల్లలూ, ఎవరు కొట్టినా, తప్పుగా తాకినా మనసులో దాచుకోవద్దు. నమ్మిన పెద్దలకు చెప్పండి, లేదా 1098కి ఫోన్ చేయండి. 18 ఏళ్ల లోపు పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడటానికి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. తాడు పైన మేమున్నాం. ధైర్యంగా కూతకు వెళ్లండి.

జై ఆదివాసీ!