నూట పదహార్లు, ఒక పాత లాప్‌టాప్

(కోల్‌కతాలో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బ్యాంకువాడు మైకు పట్టుకుంటే కేవైసీ గురించే మాట్లాడతాడని మీ భయం. ఈరోజుకి ఆ భయం లేదు. లినక్స్‌లో ఏ రకం మంచిదో చెప్పమని పిల్లలు అడిగారు, దాని గురించే చెబుతాను.

మా ఇంట్లో ఈ ప్రశ్న సరదాగా పుట్టలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. మా నాన్నగారు కొన్న లాప్‌టాప్‌లో ఉన్నది అదే. విండోస్ 11కి ఆ ప్రాసెసర్ సరిపోదు. చాందినీ మార్కెట్లో ఒక షాపతను చూసి, పాత ఇనుముకి ఇచ్చేయమన్నాడు. నాన్నగారు పోయాక మా అమ్మ దాన్ని వదల్లేదు. ఆయన టైపు చేసిన ఇంటి జమాఖర్చులు అందులోనే ఉన్నాయి, తన పెన్షన్ ఖాతా చూసుకునేదీ అందులోనే. జమాఖర్చులు వేరే చోటికి కాపీ చేసుకోవచ్చు. కానీ మద్దతు లేని సిస్టంలో నెట్ బ్యాంకింగ్ చేయనివ్వడానికి నాకు మనసొప్పలేదు. ఎక్స్‌పీకి 2014లో మద్దతు ఆగింది. ఏటీఎంలలో దాన్ని 2019 జూన్‌కల్లా తీసేయాలని 2018లో రిజర్వ్ బ్యాంకు గడువు పెట్టడం మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఏటీఎంకి పనికిరానిది అమ్మకి మాత్రం ఎలా పనికొస్తుంది?

లినక్స్ అంటే ఏమిటో ఆడవాళ్లకి, పిల్లలకి వేరుగా చెప్పక్కర్లేదు. బిర్యానీ తిన్నవాళ్లందరికీ అర్థమవుతుంది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ రాసింది కెర్నెల్. అది బియ్యం లాంటిది. హైదరాబాదువాళ్లు ఒకలా వండుతారు, ఇక్కడివాళ్లు బంగాళాదుంప వేస్తారు. ఒకే బియ్యంతో వండిన వేర్వేరు బిర్యానీలే ఈ డిస్ట్రిబ్యూషన్లు. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్నదీ ఆ బియ్యమే. ప్రపంచంలో అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లు 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి.

మా అమ్మాయి పదకొండో తరగతి. నాన్నమ్మకి బైనరీ నేర్పే పని తను పెట్టుకుంది. సున్నా, ఒకటి, అంతే. పెళ్లిలో 101 చదివిస్తే బైనరీలో అయిదు రూపాయలే. మన నూట పదహార్లు రాయాలంటే 1110100. దాన్ని మామూలు అంకె అనుకుంటే పదకొండు లక్షల పదివేల నూరు! మగపెళ్లివారు ఏ లెక్కలో చదువుకుంటారో ముందే కనుక్కోవడం మంచిది.

అమ్మ తెలుగు పండితురాలిగా రిటైరయింది. కాసేపు విని, "ఇది మాకు తెలీనిదా ఏమిటే? గణాలే కదా" అంది. లఘువుకి నిలువు గీత గీస్తాం, అది ఒకటి. గురువుకి పైన తెరుచుకున్న సున్నా లాంటి గుర్తు పెడతాం, అది సున్నా. మ గణం 000, న గణం 111, య గణం 100. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకో అప్పుడు మా అమ్మాయికి తెలిసింది. ఉత్పలమాలకి భ, ర, న, భ, భ, ర, వ కదా. మొదటి ఆరింటినీ అంకెల్లోకి మారిస్తే 3, 2, 7, 3, 3, 2. "పాస్‌వర్డ్ బాగుంది" అంది అమ్మ. బాగానే ఉంది గానీ, ఇప్పుడు మీ అందరికీ తెలిసిపోయింది కాబట్టి వద్దు.

ఈ సున్నాలు, ఒకట్లు ఈ ఊరికి కొత్త కాదు. ఇక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి, మహలనోబిస్ గారి హయాంలో, 1950ల మధ్యలో ఇంగ్లండు నుంచి హెచ్‌ఈసీ-2ఎం యంత్రం వచ్చింది. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా వచ్చిన మన సి.ఆర్. రావు గారు ఎన్నో ఏళ్లు పనిచేసింది ఆ సంస్థలోనే.

సరే, ఎంపిక సంగతి. డెబియన్ 1993 నాటిది, గట్టిది. దాని వెర్షన్లకి టాయ్ స్టోరీ బొమ్మల పేర్లు పెడతారని మా అమ్మాయి అటే మొగ్గింది. నాకూ గౌరవమే గానీ, కొత్తవాళ్లకి చేయిపట్టి నడిపించే గుణం దానికి కాస్త తక్కువ. ఫెడోరాలో ఒక్కో వెర్షన్‌కి మద్దతు సుమారు పదమూడు నెలలే. ఏటా అమ్మ దగ్గర కూర్చుని కొత్తది ఎక్కించే తీరిక మార్చి నెల తెలిసిన బ్యాంకువాడికి ఎక్కడిది? సీడాక్ తయారుచేసిన బాస్ మన దేశానిది, మన భాషలున్నది. కానీ ఆఫీసులో ఒక బాస్ ఉండగా ఇంట్లో ఇంకొకటా అని మా ఆవిడ అడ్డుపడింది. (మా మేనేజర్ గారు ముందు వరసలోనే ఉన్నారు. ఇది జోకేనండి.) తెలుగులో కంప్యూటర్ నడవాలని హైదరాబాదులో స్వేచ్ఛవాళ్లు చేసిన కృషిని కూడా మరవకూడదు.

చివరికి ఉబుంటు, మింట్ మిగిలాయి. ఉబుంటు 2004లో వచ్చింది. మింట్ దాని మీద కట్టిందే. విండోస్ అలవాటైన చేతికి మింట్‌లో మెనూ ఉండాల్సిన చోటే ఉంటుంది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రానికి దాని తేలిక రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ చాలు. మింట్ 22కి 2029 దాకా మద్దతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టగానే అమ్మ ఎప్పటిలాగే తెలుగు టైపు చేసింది. "మింటంటే పుదీనా కదరా, పచ్చడి వాసనేం రాలేదే" అన్నది ఒక్కటే ఫిర్యాదు. నాన్నగారి జమాఖర్చుల ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో తెరుచుకున్నాయి. 2016 దీపావళి పద్దులో "చిచ్చుబుడ్లు, దండగ" అని రాసి ఉంది. అది చదివి అమ్మ చాలాసేపు నవ్వింది.

ఇంటి పెద్దవాళ్లు చేతులు పెట్టే యంత్రానికి నా ఓటు మింట్‌కే. ఇంజనీరింగ్ పిల్లలు వాదిస్తారు, టీ విరామంలో వాదించండి. అయితే ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులో కాపీ పెట్టుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, ప్రింటరు, సౌండు చూసుకోండి. డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు, విండోస్‌లో మాత్రమే నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు తొందరపడకండి. బ్యాంకు పని బ్యాంకు యంత్రంలోనే, అందులో మార్పు లేదు.

వచ్చే ఆదివారం ఎవరైనా లాప్‌టాప్ తెస్తే కూర్చుని చూద్దాం. మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవులు నా దగ్గర 11 ఉన్నాయి. పిల్లలూ, మీకు అర్థమైంది కదా, మూడే!