బొమ్మ గీసేది ఎవరైనా, బొమ్మ సంఘానిదే కావాలి

(గోరంట్లలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా మేము మీ ముందు నిలబడితే లెక్కల పుస్తకాలు, వెన్న శాతం, బకాయిల సంగతే మాట్లాడుతాము. ఈరోజు మాకు అప్పగించిన విషయం వేరు. కొన్ని సంఘాలు పాలు పంపడంతో ఆగక నెయ్యి, పాలకోవా, పెరుగు సొంత పేరుతో అమ్మాలని తలపెట్టాయి. మంచిదే. అయితే డబ్బా మీద బొమ్మ, ప్యాకెట్టు రంగులు, అంగడి బోర్డు, కరపత్రం ఎవరిచేత చేయించాలి? నెలజీతం మీద ఒక డిజైనరును పెట్టుకోవాలా, పని బయటికి ఇవ్వాలా?

ఇది చిన్న విషయమని అనుకోకండి. క్యానులో పోసిన పాలకు ముఖం లేదు. ప్యాకెట్టులోకి ఎక్కిన పాలకు ప్యాకెట్టే ముఖం. టోన్డు పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డు పాలలో నాలుగున్నర, ఫుల్ క్రీము పాలలో 6 శాతం ఉండాలి. తెల్లవారుజామున అంగట్లో ఈ అంకెలు చదివి కొనేవారు ఎందరు? రంగు చూసి చెయ్యి చాస్తారు. రంగు ఒకసారి మారితే కొనేవారు తడబడతారు.

ముందు లెక్క చూద్దాము

ఉదాహరణకు రోజుకు 500 లీటర్లు సేకరించే సంఘాన్ని తీసుకోండి. ఏడాదికి 1,82,500 లీటర్లు. డిజైనరుకు నెలకు 20,000 రూపాయల జీతమనుకుంటే ఏడాదికి 2,40,000 రూపాయలు. అంటే లీటరుకు దాదాపు 1 రూపాయి 32 పైసలు. ఇందులో కంప్యూటరు ఖర్చు, గది, కరెంటు చేర్చలేదు. ఈ డబ్బు ఎక్కడినుండో ఊడిపడదు, పాలు పోసినవారి బోనసులోనుంచే పోతుంది. పోనీ, ఏడాది పొడుగునా పని ఉన్నదా? ఒక నెయ్యి డబ్బా, రెండు ప్యాకెట్లు, ఒక బోర్డు, పండుగలకు కరపత్రాలు. ఉదారంగా వేసుకున్నా 40 పనిదినాలు దాటవు. మిగిలిన రోజులు ఆ మనిషిచేత పాలు కొలిపించాలి, లేదా ఊరికే కూర్చోబెట్టాలి.

అయితే సొంత డిజైనరు ఎప్పటికీ దండగేనా అంటే, కాదు. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టిన కియా సంస్థను చూడండి. ఆ సంస్థ 2006లో, అంతకుముందు ఫోక్స్‌వాగన్ వారి దగ్గర పనిచేసిన పీటర్ ష్రేయర్ అనే జర్మన్ డిజైనరును ప్రధాన డిజైనరుగా తమలోకే తెచ్చుకున్నది. కారు ముందుభాగానికి వారు ఇచ్చిన, పులి ముక్కు అని పేరుపడ్డ ఆకారంతోనే ఆ కార్లను దూరం నుండి గుర్తుపట్టడం అలవాటైంది. వారికి అది తగును. ఏటేటా కొత్త నమూనాలు కావాలి, లక్షల బండ్లు అమ్మాలి. పని నిత్యమైతే మనిషిని నిత్యం పెట్టుకోవాలి. మనకు పని నిత్యం కాదు.

అమూల్ ఏమి చేసింది?

మన పాల కుటుంబంలోనే పెద్దన్న ఉన్నాడు. 1946లో ఆనంద్‌లో రిజిస్టరైన కైరా జిల్లా సంఘం తన వెన్నకు ప్రచారం కావలసివచ్చినప్పుడు ఆ పనిని 1966లో బొంబాయిలోని ఒక ప్రచార సంస్థకు ఇచ్చింది. ఆ సంస్థను నడిపినవారు సిల్వెస్టర్ డాకున్హా. చుక్కల గౌను చిన్నపాపను గీసినవారు యూస్టేస్ ఫెర్నాండెజ్. ఇద్దరూ సంఘం జీతగాళ్ళు కారు.

ఇక్కడ రెండు సంగతులు గమనించగలరు. ఒకటి, డాక్టర్ వర్ఘీస్ కురియన్ వారిని నమ్మి స్వేచ్ఛ ఇచ్చారు. ప్రతి బోర్డునూ ముందుగా తమకు చూపాలని పట్టుబట్టలేదు. రెండు, ఏడాదికొకరిని మార్చలేదు. ఆ పని తండ్రి తరువాత కొడుకు చేతికి వచ్చింది, పాప మాత్రం మారలేదు. పని బయటికి ఇవ్వడమంటే ప్రతిసారీ తక్కువ కొటేషను వేసినవారి వెంట పరుగెత్తడం కాదు. సిమెంటు బస్తాలకు పనికివచ్చే కొటేషను పద్ధతి బొమ్మకు అన్ని వేళలా పనికిరాదు. ఒకరిని చూసి, పని పరీక్షించి, మూడు నాలుగేళ్ళు వారితోనే సాగండి.

ధర్మవరం మగ్గం చెప్పే పాఠం

బయట చేయించుకోవడంలో నష్టం లేదా? ఉన్నది. అది తెలుసుకోవడానికి ఆనంద్ దాకా పోనక్కరలేదు, ధర్మవరం మగ్గాల వీధికి పోతే చాలు. చీర బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద వేస్తారు, దాన్నిబట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు జాకార్డు మీద తిరుగుతుంటే బొమ్మ చీరలోకి దిగుతుంది. ఇప్పుడు గళ్ళ కాగితం పని కంప్యూటరులోకి పోయింది. రెండు మూడు మగ్గాలున్న నేతగాడు డిజైనరును జీతానికి పెట్టుకోలేడు గనుక బయట గీయించుకుంటాడు. కష్టపడి ఎంచుకున్న అంచు పక్కవారి మగ్గం మీద, చివరకు మరమగ్గం మీద కనిపిస్తే అడిగే ఆధారం అతని చేతిలో ఉండదు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. అది ఊరి పేరును కాపాడుతుంది గాని, ఒక్కొక్క నేతగాడి బొమ్మను కాపాడదు.

ఇదే సంకటం మన పాల సంఘాలకూ వస్తుంది. మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో నెయ్యి డబ్బా బాగా అమ్ముడుపోయింది. రెండోసారి డబ్బాలు వేయించబోతే ముద్రాపకుడు బొమ్మ తనదన్నాడు, వేరేచోట వేయించుకోవడానికి వీల్లేదన్నాడు. ఫైలు తీసి చూస్తే బిల్లు, రసీదు తప్ప మరో కాగితం లేదు. పేరు మిగిలింది, బొమ్మ పోయింది. పాత డబ్బా కోసం వెతుక్కునే కొనుగోలుదారులను మళ్ళీ సంపాదించడానికి ఆ సంఘానికి చాలా కాలం పట్టింది.

చట్టం ఏమంటున్నది?

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా గీసిన బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. ఇది సొంత డిజైనరు వల్ల వచ్చే మేలు. బయటివారికి డబ్బు ఇచ్చినంత మాత్రాన అన్ని రకాల బొమ్మల మీదా హక్కు మనకు రాదు. హక్కు బదలాయింపు రాతపూర్వకంగా, వారి సంతకంతో ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్ళకే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. కనుక ఒక్క పేజీ కాగితం మీదనే మీ బొమ్మ భవిష్యత్తు ఆధారపడి ఉన్నది.

బయటికి పని ఇచ్చే సంఘాలు ఈ అయిదు జాగ్రత్తలు పాటించవలసిందిగా కోరుతున్నాము.

1. పాలకవర్గ తీర్మానం తరువాతనే పని అప్పగించాలి. ఏమి అమ్ముతున్నాము, ఎవరు కొంటారు, వస్తువు ఎక్కడ వేలాడుతుంది అన్నది రాసి ఇవ్వాలి. చిలమత్తూరు దాటి బాగేపల్లి వైపు అమ్మదలిస్తే కన్నడ అక్షరాలు కూడా కావాలని ముందే చెప్పాలి.

2. పూర్తి డబ్బు ఇవ్వకముందే హక్కు బదలాయింపు పత్రం, కంప్యూటరులోని అసలు ఫైలు తీసుకోవాలి. ఆ ఫైలు రెండుచోట్ల భద్రపరచాలి.

3. గ్రావ్యూర్ పద్ధతిలో ప్యాకెట్టు ఫిల్ము అచ్చువేయడానికి ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క సిలిండరు చెక్కాలి. అయిదు రంగులైతే అయిదు సిలిండర్లు. రంగులు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. డబ్బు మనదైతే సిలిండర్లు మనవేనని బిల్లు మీద రాయించుకోవాలి.

4. పేరును, గుర్తును 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద సంఘం పేరునే రిజిస్టరు చేయించాలి. అధ్యక్షుల పేరునో, ముద్రాపకుల పేరునో కాదు. పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి.

5. అందరిదీ అయిన బొమ్మను మన గుర్తుగా పెట్టుకోరాదు. లేపాక్షి నంది అంటే మనందరికీ ప్రీతి. అందరూ దాన్నే వేస్తే ఏ డబ్బా ఏ సంఘానిదో తెలియదు. పైగా సరిహద్దు అవతల కర్ణాటక సమాఖ్యవారి పాల పేరే నందిని. కొనేవారు పొరపడతారు.

గీత బయట, చూపు లోపల

బయటివారు ఎంత నేర్పరులైనా మన సంగతులు వారికి తెలియవు. బెంగుళూరులో తయారైన తెలుగు అక్షరాలకు కొన్నిసార్లు ఒత్తులు రాలిపోతాయి. యవత్తు పోతే నెయ్యి కాస్తా ‘నెయి’ అవుతుంది. పది వేల డబ్బాలు అచ్చయ్యాక నవ్వి లాభం లేదు. నెయ్యి డబ్బా మీద ఆకుపచ్చ శాకాహార చిహ్నం, ఆహార భద్రత సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు, నికర తూకం, ధర, తేదీ, చిరునామా ఉన్నాయో లేదో చూడవలసినవారు మనవారే. అందుకని ప్రతి సంఘంలో ఒకరిని ఈ పనికి బాధ్యులుగా పెట్టండి. బాగా చదివిన కోడలో, కూతురో ఉంటే ఆమెకు అప్పగించండి. గీయడం రానక్కరలేదు, తప్పు పట్టడం వస్తే చాలు.

ఇక మేము అసలు చెప్పదలచిన మాట. ప్రతి ఇంటా ఆబోతును కట్టుకున్నామా? లేదు. పశువైద్యుడిని ఊరికొకరిని జీతమిచ్చి పెట్టుకున్నామా? లేదు. కలిసి పెట్టుకున్నాము. డిజైనరు విషయంలోనూ అదే దారి ఉన్నది. చేనేతవారికోసం 1956 నుండి వీవర్స్ సర్వీస్ సెంటర్లు ఏర్పడ్డాయి. పుపుల్ జయకర్ వంటివారి పూనికతో చిత్రకారులు అక్కడ కూర్చొని అనేక మగ్గాలకు డిజైన్లు ఇచ్చారు. ఒక్క నేతగాడు భరించలేనిది అందరూ కలిసి అనుభవించారు. ముప్పై సంఘాలు కలిస్తే ఇందాక చెప్పిన 2,40,000 రూపాయలు సంఘానికి 8,000 అవుతుంది. లీటరుకు నాలుగున్నర పైసలైనా పడదు. అప్పుడు డిజైనరుకు ఏడాది పొడుగునా పని ఉంటుంది, బొమ్మ హక్కూ మన ఇంట్లోనే ఉంటుంది. ఏ సంఘం బొమ్మ ఆ సంఘానికే చెందేటట్లు నిబంధన మాత్రం ముందే రాసుకోవాలి.

కాబట్టి వచ్చే మహాజన సభలో ఈ విషయాన్ని అజెండాలో చేర్చవలసిందిగా కార్యదర్శులకు మనవి చేస్తున్నాము. ముప్పై సంఘాలు కలిసేదాకా బయట చేయించుకోండి, కాగితం లేకుండా మాత్రం చేయించుకోకండి. ఇప్పటికే డబ్బాలు అమ్ముతున్న సంఘాలవారు ఇంటికి పోగానే బీరువా తీసి ఆ బదలాయింపు పత్రం ఉన్నదో లేదో చూడండి. లేకపోతే ఈ నెలలోనే రాయించుకోండి.