చర్చి చూశాం, మసీదు చూశాం, ఇక మన గుడి

(గత పౌర్ణమినాడు సత్యనారాయణ వ్రతం తరువాత మన హాలులో చేసిన ప్రసంగం. సభ్యుల కోరికపై ఇక్కడ ఇస్తున్నాం.)

ప్రసాదం చేతికి వచ్చాక కూడా లేవకుండా కూర్చున్నందుకు ముందుగా ధన్యవాదాలు. ఎక్కువసేపు తీసుకోం.

మన ఊరి చర్చివారు, మసీదువారు కలిసి ఏటా ఒకరోజు యాత్ర చేస్తారు. ఒకరి పుణ్యస్థలాలను ఒకరు చూసి వస్తారు. ఈసారి కోచ్‌లో సీట్లు మిగిలాయని మనల్నీ పిలిచారు. పిల్లలతో కలిపి తొమ్మిది మందిమి వెళ్లాం. "మన గుడికే వారానికోసారి రాలేకపోతున్నాం, వాళ్లవి చూడడానికి వెళ్తారా?" అని మనలో కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఏం చూశామో చెప్పి, చివర ఒక మనవి చేసుకుంటాం.

పొద్దున్నే సర్రీలోని చాల్డన్ అనే పల్లెలో పాత చర్చికి వెళ్లాం. లోపల పడమటి గోడ మీద సుమారు 1200లో వేసిన పెద్ద బొమ్మ ఉంది. వెడల్పు 17 అడుగులు, ఎత్తు 11 అడుగులు. ఎన్నో ఏళ్లు సున్నం కింద దాగి, 1870 ప్రాంతంలో బయటపడింది. ఎర్రటి రంగు మీద నడుమ ఒక నిచ్చెన. కొన్ని ఆత్మలు పైకి ఎక్కుతుంటే, కొన్ని జారి కింద నరకంలో పడుతున్నాయి. ఒక పక్క చెట్టు మీద పాము. అది చూసి మా వెంట వచ్చిన చిన్నపిల్ల, "అమ్మమ్మా, వైకుంఠపాళి!" అని గట్టిగా అరిచింది. అదేమిటో చెప్పమని అందరూ మా చుట్టూ చేరారు. పుణ్యం నిచ్చెన, పాపం పాము, చివరి గడి పరమపదం అని చెప్పాం.

బొమ్మ కింది భాగంలో ముళ్ల వంతెన ఉంది. తమ పనిలో మోసం చేసినవారు దాని మీద నడవాలట. మసీదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, వెంట్రుక కన్నా సన్నని సిరాత్ వంతెన గురించి చెప్పారు. మేం వైతరణి గురించి చెప్పాం. పైన ఆత్మలను తక్కెడలో తూస్తున్న దేవదూతను చూస్తే మాకు చిత్రగుప్తుడు గుర్తొచ్చాడు. మతాలన్నీ ఒకటేనని మేం అనడం లేదు. మనకు పునర్జన్మ ఉంది, వాళ్లకు లేదు. కోచ్ ఎక్కాక దారంతా ఆ చర్చే. కానీ చేసిన పనికి లెక్క చెప్పుకోవాలన్న భయం మాత్రం అందరిదీ.

మధ్యాహ్నానికి వోకింగ్‌లోని షాజహాన్ మసీదు చేరాం. బ్రిటన్‌లో మసీదుగానే కట్టిన మొట్టమొదటి కట్టడం ఇది, 1889లో. కట్టించినవారు లాహోరులో కళాశాల నడిపిన పండితుడు లైట్నర్. డబ్బు ఇచ్చినవారిలో ముఖ్యురాలు భోపాల్ రాణి షాజహాన్ బేగం. ఆమె పేరే మసీదుకు పెట్టారు. నమాజు జరిగినంతసేపు మేం వెనక మౌనంగా కూర్చున్నాం. తరువాత మసీదు పిల్లలే మాకు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు. ఆపైన వాళ్లు మన పిల్లలను, "మీ గుళ్లో ప్రదక్షిణ ఎందుకు చేస్తారు?" అని అడిగారు. పిల్లలు మా వైపు చూశారు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అక్కడికి దగ్గర్లోనే హార్సెల్‌లో ఒక చిన్న తోట ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి, ఇక్కడి ఆసుపత్రుల్లో చనిపోయిన మన దేశపు ముస్లిం సైనికుల కోసం 1917లో కట్టిన శ్మశానవాటిక అది. అల్లరిమూకలు పాడుచేయడంతో 1960ల చివర ఆ సమాధులను బ్రూక్‌వుడ్‌కు తరలించారు. 2015లో ఈ చోటును శాంతివనంగా తీర్చిదిద్దారు. రెండు యుద్ధాల్లో పోయిన 27 మందికి 27 హిమాలయ భూర్జవృక్షాలు నాటారు. పూర్వం మన గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం ఆ చెట్టు బెరడే. బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని అక్కడి కొండల మీద దహనం చేశారు. ఆ చోట ఛత్రి 1921లో వెలిసింది. ఒకే ఊరి ఆసుపత్రుల్లో పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్లను, వాళ్ల వాళ్ల ఆచారం ప్రకారం వేరువేరు చోట్ల సాగనంపారు. మా గుంపులోని మూడు మతాలవాళ్లమూ అక్కడ కాసేపు మాట లేకుండా నిలబడ్డాం.

చివరగా బ్రూక్‌వుడ్‌లో మార్మడ్యూక్ పిక్తాల్ సమాధి చూశాం. చర్చి పాస్టరు గారి కొడుకు ఆయన, 1917లో ఇస్లాం స్వీకరించారు. హైదరాబాదులో నిజాం కొలువులో పనిచేస్తూ 1930లో ఖురాన్ ఇంగ్లీషు అనువాదం ప్రచురించారు. "మన హైదరాబాదే!" అని మేం తెలుగులో అనుకుంటుంటే, వెనక నుంచి మసీదు బృందంలోని ఒక పెద్దావిడ, "మీది యా ఊరు నాయనా?" అన్నారు. ఆమెది కడప. ఉగాదికి దేవుని గడప గుడికి ముస్లింలు వెళ్లడం, బీబీ నాంచారి తమ ఆడపడుచని చెప్పుకోవడం, అన్నీ చెప్పారు. తిరుగు ప్రయాణంలో మన పులిహోర తింటూ ఆమె నెమ్మదిగా, "మీ గుడి చూస్తామని పోయినేడు ఉత్తరం రాసినాము గదా, జవాబే రాలేదు" అన్నారు.

మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ ఉత్తరం మన ఆఫీసు ఫైల్లోనే ఉంది. "చూద్దాంలే" అని పక్కన పెట్టింది కార్యవర్గంలో ఉన్న మేమే. ఎవరో అభ్యంతరం చెబుతారేమోనని మిమ్మల్ని అడగనైనా అడగలేదు. దానికి మీ అందరినీ, వాళ్లనూ క్షమాపణ కోరుతున్నాం.

ఇక మా మనవి. దీపావళి వారంలో ఒక ఆదివారం వాళ్లను మన గుడికి పిలుద్దాం. నియమాలు ఎవరికైనా ఒకటే. చెప్పులు బయటే, గర్భగుడి గడప దాటేది అర్చకస్వామి ఒక్కరే. ప్రసాదం తీసుకోవడం, తీసుకోకపోవడం వాళ్ల ఇష్టం. మొహమాటపెట్టొద్దు. ఇది కుదరదనుకునేవారు వచ్చే సమావేశంలో నిర్మొహమాటంగా చెప్పండి, వింటాం. కుదురుతుందనుకుంటే మాత్రం ఒక్కో కుటుంబం ఒక్కో సన్నిధి గురించి చెప్పే బాధ్యత తీసుకోవాలి. పిల్లలచేతే చెప్పిద్దాం. ప్రదక్షిణ ఎందుకో ముందు మనం తెలుసుకుని వాళ్లకు నేర్పుదాం.

ఏదేమైనా ఆ ఉత్తరానికి జవాబు మాత్రం ఈ నెలలోనే వెళ్లాలి.