కేబుల్ బ్రిడ్జి: తీగ లోపల తుప్పు పడితే ఎలా తెలుస్తుంది?

హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తెలుసు కదా? 2020 సెప్టెంబర్‌లో ఓపెన్ అయింది. అక్కడికి వెళ్లినవాళ్ల ఫోన్‌లో ఒక్క సెల్ఫీ అయినా ఉండే ఉంటుంది. ఒకసారి ఆ ఫొటో తీయండి. మీ ముఖం కాదు, లైట్లు కాదు, వెనకాల ఏటవాలుగా ఉన్న కేబుళ్లు చూడండి. మొత్తం 56 ఉన్నాయి. రోడ్డును పైనున్న టవర్‌కి పట్టి ఉంచేవి అవే.

ఇప్పుడు నా ప్రశ్న. అందులో ఒక కేబుల్ లోపల పాడైతే, బయట నుంచి చూసేవాళ్లకి తెలుస్తుందా? చాలాసార్లు తెలియదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. ఇటలీలో జెనోవా అనే ఊరు ఉంది. సముద్రం పక్కన. అక్కడ 1967లో మొరాండి బ్రిడ్జి కట్టారు. దాని ఉక్కు తీగల చుట్టూ కాంక్రీట్ పోసేశారు. తుప్పు పట్టకుండా కాంక్రీటే కాపాడుతుందని అనుకున్నారు. కానీ కాంక్రీట్‌కి పగుళ్లు వస్తే నీళ్లు లోపలికి పోతాయి. పైగా లోపల తీగ ఎలా ఉందో చూడటానికి దారే లేదు.

2018 ఆగస్టు 14. పెద్ద వాన. బ్రిడ్జి 9వ టవర్ దగ్గర కూలిపోయింది. 43 మంది చనిపోయారు. కోర్టు నియమించిన నిపుణులు 2020లో రిపోర్ట్ ఇచ్చారు. 9వ టవర్ కేబుల్ పైభాగంలో తీగలకి పట్టిన తుప్పే కారణమని అందులో రాశారు.

మరి ఇప్పుడు కట్టే బ్రిడ్జిల్లో ఏం మారింది? ముందుగా, కేబుల్ అంటే ఒకటే లావు కడ్డీ కాదు. ఏడు సన్నని ఉక్కు తీగలు పేనితే ఒక స్ట్రాండ్. అలాంటి స్ట్రాండ్లు పదుల సంఖ్యలో కలిస్తే ఒక కేబుల్. తీగలకి జింక్ పూత, స్ట్రాండ్ చుట్టూ మైనం, దానిపై ప్లాస్టిక్ తొడుగు. ఇవన్నీ కలిపి ఒక లావుపాటి ప్లాస్టిక్ పైపులో పెడతారు. పైపు మీద మెలికలు తిరుగుతూ సన్నని గీతలా ఉబ్బెత్తుగా ఉంటుంది, గమనించారా? అది డిజైన్ కోసం కాదు. వాన నీరు పైపు మీద ధారలా కారుతూ గాలి కూడా తోడైతే కేబుల్ విపరీతంగా ఊగుతుంది. ఆ ధారని తెంపడానికే ఆ గీత.

ఇన్ని తొడుగులున్నా నీళ్లకి ఒక చిన్న సందు చాలు. లోపలికి పోయిన నీళ్లు ఎక్కడికి చేరతాయి? కిందికి. కేబుల్ రోడ్డుకి బిగించిన చోటుకి. దాన్ని యాంకరేజ్ అంటారు. అందుకే చెక్ చేసేవాళ్లు అక్కడ చాలా జాగ్రత్తగా చూస్తారు. మూత తీసి, తడి ఉందా, మైనం సరిగా ఉందా, సీల్ చిరిగిందా, నీళ్లు బయటికి పోయే రంధ్రం మూసుకుపోయిందా అని చూస్తారు.

మధ్యలో పైపు పగిలిందేమో డ్రోన్‌తో చూస్తారు, లేదా తాడు కట్టుకుని మనుషులే ఎక్కుతారు. లోపల తీగలు తెగాయేమో పట్టుకోవడానికి అయస్కాంతంతో పనిచేసే పరికరాన్ని కేబుల్ వెంట పాకిస్తారు. కొన్ని బ్రిడ్జిలకి సెన్సర్లు పెట్టి, తీగ తెగిన శబ్దం వస్తుందేమో రాత్రీపగలూ వింటుంటారు.

ఇంకోటి మీకు బాగా నచ్చుతుంది. గిటార్ తీగ బిగిస్తే స్వరం పెరుగుతుంది, వదులైతే తగ్గుతుంది కదా? కేబుల్ కూడా అంతే. సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోందో కొలిస్తే ఎంత బిగువుగా ఉందో లెక్కకట్టొచ్చు. అలా కొలిచే సెన్సర్ పేరు యాక్సిలరోమీటర్. ఫోన్ తిప్పగానే మీ స్క్రీన్ తిరుగుతుంది చూడండి, అది పసిగట్టేదీ అదే రకం సెన్సర్!

తప్పు దొరికితే? సీల్ మారుస్తారు, మైనం నింపుతారు, అవసరమైతే కేబులే మార్చేస్తారు. వెనిజులాలోని మరకైబో బ్రిడ్జి కూడా మొరాండి డిజైనే. 1979లో అక్కడ ఒక కేబుల్ తెగింది. తర్వాత అన్ని కేబుళ్లూ కొత్తవి వేశారు. ఇప్పుడు డిజైన్ చేసేటప్పుడే ఒక్కో కేబుల్ విడిగా తీసి మార్చేలా ప్లాన్ చేస్తున్నారు.

చివరిగా ఒక్క మాట. జెనోవాలో ఎవరికీ ఏమీ తెలియక బ్రిడ్జి కూలలేదు. సముద్రపు గాలికి కాంక్రీట్ దెబ్బతింటోందని మొరాండి 1979లోనే రాశాడు. 1990ల్లో 11వ టవర్ కేబుళ్లకి బలం చేకూర్చారు కూడా. 9వ టవర్‌కి ప్లాన్ రెడీ అయింది కానీ పని మొదలవ్వలేదు. అంటే చెక్ చేయడం సగం పనే. దొరికిన తప్పుని టైమ్‌కి సరిచేయడం మిగతా సగం.

అందుకే ఈసారి కేబుల్ పని కోసం బ్రిడ్జి మూసేశారని బోర్డు కనిపిస్తే చిరాకు పడకండి. ఆ పూట చుట్టూ తిరిగి వెళ్లండి, పర్లేదు. మీ ఊరి దగ్గర కేబుల్ బ్రిడ్జి ఉంటే కామెంట్‌లో చెప్పండి.