ఇంటిపట్టున వార్ధక్యం: ఖర్చు ఎవరి పద్దు?



ఎవరి స్మారక నిధి పేరిట ఇవాళ ఇక్కడ కూడామో ఆ మాస్టారు చివరిదాకా తన ఇంట్లోనే గడిపారు. అదృష్టవంతుడని అందరూ అంటుంటారు. నేను ఒప్పుకోను. మందులు తెచ్చిపెట్టినవాళ్లు, కరెంటు బిల్లు కట్టొచ్చినవాళ్లు, పొద్దెక్కినా తలుపు తెరుచుకోకపోతే వచ్చి తట్టినవాళ్లు ఉన్నారు కాబట్టి ఉండగలిగారు. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డ ప్రతి ఇంటికీ అలాంటి ఇరుగుపొరుగు దొరకరు. దొరకని చోట ఏర్పాటు చెయ్యాలి. ఏర్పాటు అన్నాక డబ్బు కావాలి. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి రావాలన్నదే ఇవాళ్టి నా విషయం.

పెద్దవాళ్ల మీద ప్రభుత్వాలు ఖర్చే పెట్టడం లేదని అనను. జాతీయ వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్లవారికి కేంద్రం వాటా నెలకు 200 రూపాయలే, 80 నిండితే 500. రాష్ట్రాలు దానికి తమది కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్ 2024 జూలైలో పింఛను 4,000కు పెంచి, ఇంటికే తెచ్చి ఇస్తోంది. సంతోషం. కానీ స్నానాలగదిలో జారిపడ్డ మనిషిని ఆ నోట్లు లేపలేవు. మరోపక్క దాతలు వృద్ధాశ్రమాలు కట్టిస్తారు. శిలాఫలకం మీద పేరుంటుంది కదా! పింఛనుకీ ఆశ్రమానికీ నడుమ ఉన్న పని, అంటే వారం వారం ఒకరు వచ్చి చూసిపోవడం, ఎవరి పద్దులోనూ లేదు.

ఇంగ్లండ్ ఈ పనికి ఒక పద్దు తెరిచి చూసింది. 2006 నుంచి 2009 దాకా 29 ప్రాంతాల్లో 6 కోట్ల పౌండ్లు కేటాయించి, స్థానిక సంస్థలు, ఆరోగ్యశాఖ, స్వచ్ఛంద సంఘాలు కలిసి పనిచెయ్యాలని షరతు పెట్టింది. చాలావాటిలో చేసినవి చిన్న పనులే: సామాన్లు తెచ్చిపెట్టడం, ఇంట్లో చిల్లర మరమ్మతులు, తోటపని, ఒంటరిగా ఉన్నవాళ్లని నలుగురిలోకి తీసుకురావడం. అదనంగా పెట్టిన ప్రతి పౌండుకూ అత్యవసర ఆసుపత్రి పడకల ఖర్చులో సుమారు 1.20 పౌండ్లు మిగిలాయని మూల్యాంకనంలో తేలింది. చిక్కల్లా ఆ మిగులు ఆసుపత్రి వైపు ఉండిపోవడమే. ఖర్చు పెట్టిన చేతికి దాన్ని తిరిగి రప్పించడం అక్కడివారికే కష్టమైంది. ఒకరు విత్తితే మరొకరు కోసుకున్నట్టయింది. ఇలాంటి పథకం గురించి ఎవరు మాట్లాడినా నేను ముందు అడిగేది ఇదే: మిగిలేది ఎవరికి?

మనకు అంతకంటే దగ్గరిది కేరళ. 1993లో కోళిక్కోడ్ మెడికల్ కాలేజీలో నొప్పి నివారణకు, ఉపశమన సేవకు ఒక సంఘం మొదలైంది. మంచం పట్టినవాళ్లు ఆసుపత్రిదాకా రాలేరు, వైద్యులు ఇల్లిల్లూ తిరగలేరు. దాంతో 2000 ప్రాంతంలో మలప్పురం జిల్లా ఊళ్లల్లో మామూలు జనానికే శిక్షణ ఇచ్చారు. 16 గంటల పాఠాలు, పర్యవేక్షణలో నాలుగు రోజుల పని, ఆ తర్వాత వారానికి కనీసం రెండు గంటలు. ఇల్లు చూసి రావడం, పక్కన కూర్చుని మాట్లాడటం, బియ్యం ఉన్నాయో లేవో కనుక్కోవడం వాళ్ల వంతు. వైద్యం డాక్టరు, నర్సుల వంతు. డబ్బులో ఎక్కువ భాగం ఊళ్లోనే పోగయ్యింది, అదీ చిన్న చిన్న చందాలుగా. క్యాన్సర్ రోగులతో మొదలైన సేవ పక్షవాతంతో, ముసలితనంతో మంచాన పడ్డవారికీ అందింది.

2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన సేవకు విధానం ప్రకటించింది. దేశంలో అదే మొదటిది. ఇంటింటికీ వెళ్లే నర్సు జీతం, బండి, మందులు పంచాయతీ బాధ్యతలోకి వచ్చాయి. ఇది మలయాళీల మంచితనం వల్ల మాత్రమే జరగలేదు. మంచితనం మనకూ ఉంది. 1996లో మొదలుపెట్టిన ప్రజా ప్రణాళికలో ఆ రాష్ట్రం ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించింది. నర్సును పెట్టుకోవాలని పంచాయతీ తీర్మానిస్తే జీతమివ్వడానికి దాని దగ్గర డబ్బుంది. మన పంచాయతీకి వీధిదీపాల కరెంటు బకాయే బరువు.

అయినా మనకు బొత్తిగా ఏమీ లేదనలేం. ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్ఎం ఉంది. వృద్ధుల కోసం దేశమంతా ఇప్పుడు వాడుతున్న 14567 ఫోన్ సేవ టాటా ట్రస్ట్స్ చొరవతో 2017లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ఫోన్ ఎత్తేవాళ్లు దొరికారు, తలుపు తట్టేవాళ్లు దొరకాలి.

ఒక మాట కటువుగానే చెబుతాను. స్వచ్ఛంద సేవ పేరుతో ఈ బరువంతా మళ్లీ ఆడవాళ్ల మీదే పడెయ్యడం నాకు సమ్మతం కాదు. వారానికి రెండు గంటలు ఎవరైనా ఉచితంగా ఇవ్వగలరు, రోజుకు ఆరు గంటలు అడిగితే అది ఉద్యోగం; జీతమివ్వాలి. విదేశాల్లోని మనవాళ్లు గుడికీ బడికీ ఉదారంగా పంపుతున్నారు. అందులో కొంత ఒక నర్సు అయిదేళ్ల జీతానికి పంపమని నా మనవి. అయిదేళ్లన్నది ముఖ్యం. ఏడాదికే ఆగిపోయే సాయం అలవాటుపడ్డ ముసలివాళ్లని నడిమధ్యలో వదిలేస్తుంది.

చివరగా ఈ నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. వచ్చే ఏడు వక్తకు శాలువా, జ్ఞాపిక, కారు ఖర్చు మానెయ్యండి. ఈ ప్రసంగ పుస్తకం అచ్చు ఖర్చు కూడా తగ్గించండి. నిధి వడ్డీలో సగం ఈ ఊరి పంచాయతీ పేర విడిగా జమచేసి, పొదుపు సంఘాన్నీ ఏఎన్ఎంనీ కూర్చోబెట్టి, ఒంటరిగా ఉంటున్న పెద్దల జాబితా రాయించండి. మొదటి చందా నాది రాసుకోండి.