ముఖం మీది గీతలకు ఎవరు మూల్యం చెల్లిస్తున్నారు?

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను వేదిక ఎక్కగానే ముందు వరసలో ఇద్దరు నా తలవైపు చూసి గుసగుసలాడుకున్నారు. నిజమే, పోయినసారి నా జుట్టు నల్లగా ఉంది. ఇరవై ఏళ్లపాటు రంగు వేసుకున్నాను. పోయిన ఏడాది ఒకరోజు పొద్దున కళ్లు తెరవలేనంతగా ముఖం వాచిపోయింది. రంగులో ఉండే పారాఫెనిలీన్ డయమీన్ అనే రసాయనం నాకు పడలేదని, ఇక దాన్ని ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. కనుక ఈ తెల్లజుట్టు నా ఆదర్శం వల్ల వచ్చింది కాదు. లేని ధైర్యాన్ని నాకు అంటగట్టకండి.

రంగు మానేశాక వీధిలో అందరూ "ఒంట్లో బాగాలేదా?" అని అడగడం మొదలుపెట్టారు. మావారి జుట్టు నలభై ఏళ్లకే నెరిసింది. అప్పుడు ఆయనకు పెద్దరికం వచ్చిందన్నారు!

అయినా టీచరుగా రిటైరైన నాకు పోయిందేమీ లేదు. మా పక్కింటామె సంగతి అలా కాదు. ఆమె ఒప్పుకుంది కాబట్టే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. వయసు నలభై ఆరు. ఒక పెద్ద బట్టల దుకాణంలో కౌంటరు దగ్గర పని. "ముఖం మరీ అలసిపోయినట్టు కనిపిస్తోందమ్మా, లోపల గోదాములో చూసుకో" అన్నాడు యజమాని. గోదాములో జీతం తక్కువ. ఆమె గాజులు తాకట్టు పెట్టి నుదుటికి ఇంజెక్షన్లు చేయించుకుంది. తోడుగా నేనే వెళ్లాను.

ఆ మందు బొటులినమ్ అనే విషం నుంచి తయారైనది. పాడైన డబ్బా ఆహారంలో ప్రాణాలు తీసేదీ అదే విషం. అతి కొద్ది మోతాదులో ఇస్తే, నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని ఆపుతుంది. మొదట మెల్లకన్నుకు వాడిన ఈ మందును కనుబొమల మధ్య గీతలు తగ్గించడానికి 2002లో అమెరికా అనుమతించింది. మూడు నాలుగు నెలలకు కండరం మళ్లీ కదులుతుంది, గీతలూ తిరిగొస్తాయి. ఈ సంగతి ఆమెకు డబ్బు కట్టాకే చెప్పారు. గీతలు వచ్చేశాయి. గాజులు ఇంకా రాలేదు.

శస్త్రచికిత్సనే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. యాసిడ్ దాడికి గురైనవారికి ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉచితంగా చికిత్స, ముఖాన్ని సరిచేసే ఆపరేషన్లు చేయాలని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది హక్కు. ఉద్యోగం నిలుపుకోవడానికి చర్మం బిగించుకోవలసి రావడాన్ని ఏమనాలి?

ఇది ఇవాళ పుట్టిన సమస్య కాదు. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు ఎయిర్ హోస్టెస్‌కు 35 ఏళ్లు నిండినా, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఉద్యోగం పోయేది. అదే విమానంలో మగ పర్సర్లు 58 ఏళ్ల వరకు పనిచేసేవారు. నర్గేష్ మీర్జా, మరికొందరు కోర్టుకెక్కారు. 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టేసింది. వయసులో ఉన్న అందమైన స్త్రీలే ఆ పనికి తగినవారన్న సంస్థ వాదననూ ఒప్పుకోలేదు. కానీ పెళ్లి నిబంధననూ, ఆడవాళ్లకు వేరుగా ఉన్న వయసు పరిమితినీ మాత్రం ఉండనిచ్చింది. సగం గెలిచాం, అంతే.

క్లినిక్కుకు వెళ్లేముందు నేను పక్కింటామెతో, "వయసు వస్తే రానీ, దాచడమెందుకు?" అన్నాను. ఆమె నావైపు చూసి, "అక్కా, నీకు పింఛను వస్తుంది" అంది. నాకు నోట మాట రాలేదు. ముసలితనాన్ని అందంగా ఒప్పుకోవాలని పత్రికల్లో రాసేవాళ్లలో చాలామందిది నా పరిస్థితే అనుకుంటాను.

ఆమె కౌంటరు ఆమెకు తిరిగి ఇవ్వాలని అడగడానికి సోమవారం నలుగురం దుకాణానికి వెళ్తున్నాం. పాత జీతం చీటీలు జాగ్రత్తగా పెట్టుకుంది, అవి తీసుకెళ్తాం. ఇంకా ఎవరైనా వచ్చేటట్టయితే సభ అయ్యాక నాకు పేర్లివ్వండి. ఉదయం పదిన్నరకు బస్టాండు దగ్గర కలుద్దాం.